మిషిగన్‌లో ఇద్దరు పిల్లలతో ఉన్నాం, పాత స్టేషన్ వ్యాగన్ కొనాలి. ఏది చూడమంటారు?

నోవై_శ్రావణమేఘం

అందరికీ నమస్కారం. మేం నోవై దగ్గర ఉంటాం. ఇంట్లో ఉన్నది ఒక్క కరోలా, అది మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోతుంది. నాకు జనవరి నుంచి లాన్సింగ్‌లో ఉద్యోగం, వారానికి మూడు రోజులు వెళ్లాలి. ఐ-96 మీద పోను రాను వంద మైళ్లకు పైనే, అదీ మంచు పడే నెలల్లో. అందుకే రెండో కారు.

పెద్దదానికి నాలుగేళ్లు, చిన్నాడికి ఎనిమిది నెలలు. వాడిది ఇంకా వెనక్కి తిరిగి ఉండే కార్ సీటే. ఏప్రిల్‌లో మా అత్తయ్యగారు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు, అందరం కలిసి బయల్దేరితే ఆవిడ వెనకాల రెండు కార్ సీట్ల మధ్య కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులు, ఎత్తుగా ఉన్న ఎస్‌యూవీలోకి ఎక్కలేరు, కరోలాలోంచి లేవలేరు. ఫ్రెండ్ వాళ్ల వ్యాగన్‌లో (డిక్కీ విడిగా బయటికి ఉండకుండా పైకప్పు వెనకదాకా సాగే పొడుగు కారు) ఒకసారి మా అమ్మ హాయిగా ఎక్కి దిగింది, అప్పటినుంచి ఈ ఆలోచన పట్టుకుంది. డిక్కీలో స్ట్రోలర్, ఒక వారం సరుకులు, రెండు బియ్యం బస్తాలు పట్టాలి.

బడ్జెట్ ట్యాక్సు, కొన్న వెంటనే చేయించాల్సిన రిపేర్లు అన్నీ కలిపి 11 వేల డాలర్లు. లోన్ తీసుకోం.

అందరూ సుబారు ఔట్‌బ్యాక్ అంటున్నారు, మళ్లీ వాళ్లే దాని సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ పోతే నాలుగైదు వేలు అంటున్నారు. వోల్వో సేఫ్ అంటారు, షెడ్డుకు వెళ్తే మాత్రం జేబు ఖాళీ అంటారు. ఇంతకీ 2011 కారుకీ 2016 కారుకీ సేఫ్టీలో నిజంగా తేడా ఉంటుందా, లేక అది అమ్మేవాళ్ల మాటేనా? ఈ మూడూ తేల్చండి, పుణ్యం ఉంటుంది.

ముగ్గురి_నాన్న

టయోటా సియెన్నా మినీవ్యాన్ కొనుక్కోండి. టాపిక్ క్లోజ్.

నోవై_శ్రావణమేఘం

అన్నా, ఈ జవాబు వస్తుందని తెలుసు :) మా అపార్ట్‌మెంట్ గ్యారేజీలో సియెన్నా పెడితే వెనక తలుపు తెరుచుకోదు, టేపు పెట్టి కొలిచాం. పైగా ఈ డబ్బుకు వచ్చే సియెన్నాలు లక్షన్నర మైళ్లు దాటినవే కనిపిస్తున్నాయి. మామయ్యగారు కూడా వస్తే అప్పుడు చూస్తాం.

గుద్దుడు_ఇంజినీర్

కార్లను కంప్యూటర్‌లో గుద్దించి చూడటమే నా ఉద్యోగం, ఏ కంపెనీలో అని మాత్రం అడక్కండి. మీ మూడో ప్రశ్నకు జవాబు చెప్తాను, గేర్‌బాక్సుల సంగతి నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

తేడా ఉంది, బాగా ఉంది. 2012లో ఐఐహెచ్‌ఎస్ (ఇన్సూరెన్సు కంపెనీల డబ్బుతో కార్ల సేఫ్టీ పరీక్షించే అమెరికా సంస్థ) వాళ్లు స్మాల్ ఓవర్‌లాప్ అని కొత్త పరీక్ష పెట్టారు. గంటకు 40 మైళ్ల వేగంతో కారును గోడకు గుద్దిస్తారు, కానీ ముందు భాగంలో డ్రైవర్ వైపు పావు వంతు వెడల్పు మాత్రమే తగిలేలా. ఎదుటి కారు మన లేన్‌లోకి జారి మూల మీద కొట్టడం, మంచులో మనమే జారి చెట్టుకో స్తంభానికో మూలగా తగలడం, ఇవన్నీ ఈ రకమే. అంతకుముందు పరీక్షలో 40 శాతం తగిలేది, కాబట్టి ఇంజిన్‌కు రెండు పక్కలా ఉండే బలమైన ఉక్కు రెయిల్స్‌లో ఒకటి ఆ దెబ్బ తీసుకుని నలిగిపోయేది, అందరికీ మంచి మార్కులు వచ్చేవి. పావు వంతు అయ్యేసరికి దెబ్బ ఆ రెయిల్ బయట నుంచి పోయి నేరుగా ముందు చక్రాన్ని నెడుతుంది, ఆ చక్రం వచ్చి డ్రైవర్ పాదాల దగ్గర పడుతుంది. 2012 చివర్లో ఫలితాలు వచ్చినప్పుడు టయోటా క్యామ్రీ, ప్రియస్ వీ రెండూ 'పూర్' తెచ్చుకున్నాయి. చెడ్డ కార్లని కాదు, ఆ దెబ్బను దృష్టిలో పెట్టుకుని ఎవరూ డిజైన్ చేయలేదంతే. తర్వాత అందరూ సర్దుకున్నారు. 2015లో వచ్చిన కొత్త తరం ఔట్‌బ్యాక్‌కు ఇందులో 'గుడ్' వచ్చింది, ప్రియస్ వీ కూడా 2015 మోడల్‌కు నిర్మాణం మార్చుకుని 'గుడ్'కు వచ్చింది.

అందుకే మంచులో హైవే మీద రోజూ తిరిగే మనిషికి నేను చెప్పేది 2015 లేదా ఆ తర్వాతిది చూడమని. ఇంకో సంగతి, ముందు నుంచి గుద్దే పరీక్షల రేటింగులు దాదాపు ఒకే బరువున్న కార్ల మధ్య పోలిక కోసమే. చిన్న కారుకు వచ్చిన 'గుడ్', వ్యాగన్‌కు వచ్చిన 'గుడ్' ఒకటి కావు. ఇది డీలర్ దగ్గర ఎవరూ చెప్పరు.

దానంతట అదే బ్రేకు వేసే సిస్టమ్ ఉంటే వదలకండి. ముందు కారును వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దానివల్ల దాదాపు సగం తగ్గాయని ఐఐహెచ్‌ఎస్ లెక్క. సుబారులో దాని పేరు ఐసైట్, అమెరికాలో 2013 మోడల్ నుంచి ఔట్‌బ్యాక్‌లో వచ్చింది కానీ అన్ని కార్లలో ఉండదు, అప్పట్లో ఎక్స్‌ట్రా డబ్బులు కట్టినవాళ్లకే. ముందు అద్దం వెనక, మధ్య అద్దానికి అటూ ఇటూ రెండు కెమెరాలు కనిపిస్తే ఉన్నట్టు. అద్దం ఎప్పుడైనా మార్చి ఉంటే కెమెరాలకు కాలిబ్రేషన్ (గురి మళ్లీ సరిచూసి కుదర్చడం) చేయించారా అని అడిగి బిల్లు చూడండి.

బాక్సర్_బాబాయ్

మా ఇంట్లో ఔట్‌బ్యాక్‌లు తప్ప వేరే కారు రాలేదు, కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. అయినా సుబారు అంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చనే మాటను నేను ఒప్పుకోను. ఏ ఏడాది అన్నది చాలా ముఖ్యం.

2009 వరకు ఉన్న 2.5 లీటర్ ఇంజిన్లు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) లీకులకు పేరుమోసినవి, వాటి జోలికి వెళ్లొద్దు. 2010 నుంచి 2012 వరకు బాడీ కొత్తదే గాని ఇంజిన్ ఆ పాత కుటుంబానిదే, వాల్వులను వేళకు కదిలించే టైమింగ్ బెల్ట్ ఉంటుంది, లక్షా ఐదు వేల మైళ్లకు మార్చాలి, మార్చకుండా తెగితే వాల్వులు వంగి ఇంజిన్ పోతుంది. 2013లో ఆ బెల్ట్ బదులు చైన్ ఉన్న కొత్త ఇంజిన్ పెట్టారు. అది మొదట్లో ఆయిల్ తాగుతోందని కేసు పడి 2016లో సెటిల్‌మెంట్ అయింది, 2013 ఔట్‌బ్యాక్ కూడా ఆ లిస్టులో ఉంది.

ఇక సీవీటీ. 2010 నుంచి 2015 వరకు వచ్చిన కార్లకు సుబారు దాని వారంటీని పదేళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచింది. ఇప్పటికీ అమ్మేవాళ్లు ఆ మాట చెప్తారు, నవ్వొస్తుంది, ఆ పదేళ్లు ఎప్పుడో అయిపోయాయి. కాబట్టి ఇవాళ కొనేవాడు అది తన సొంత ఖర్చే అనుకుని కొనాలి. ఆయిల్ మార్చిన కాగితం ఉందా అని అడగండి. సీవీటీ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని నమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు, అనుభవమున్న మెకానిక్‌లు మాత్రం 60 వేల మైళ్లకోసారి మార్చేస్తారు. టెస్ట్ డ్రైవ్‌లో ఇంజిన్ బాగా వేడెక్కాక గంటకు 20-30 మైళ్ల మధ్య యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి చూడండి, అప్పుడు కారు వణికినట్టు అనిపిస్తే మర్యాదగా తాళాలు తిరిగి ఇచ్చేయండి. ఒక్కసారిగా తొక్కితే మిక్సీ వేసినట్టు ఒకే శ్రుతిలో రొద వస్తుంది, అది మాత్రం రోగం కాదు, సీవీటీ స్వభావమే అంత.

సీవీటీ అసలొద్దు అనుకుంటే ఒక దారి ఉంది. 2010-14 ఔట్‌బ్యాక్ 3.6ఆర్, ఆరు సిలిండర్ల ఇంజిన్, చైన్, మామూలు ఐదు గేర్ల ఆటోమేటిక్. పెట్రోలు తాగుతుంది, గ్యాలన్‌కు ఇరవై మైళ్లు వస్తే సంతోషించాలి, కానీ ఇంజినూ గేర్‌బాక్సూ గట్టివి. నన్నడిగితే అదే.

గుద్దుడు_ఇంజినీర్

బాబాయ్, గేర్‌బాక్స్ కోసం 2015కు ముందటి కారు కొనమంటే నేను ఒప్పుకోను. గేర్‌బాక్స్ పోతే డబ్బు పోతుంది, టో ట్రక్ వస్తుంది. ఆవిడ అడిగినదాంట్లో మొదటి మాట సేఫ్టీ.

బాక్సర్_బాబాయ్

డబ్బు పోతుంది అని తేలిగ్గా అనేశారు, ఆవిడ మొత్తం బడ్జెట్ 11 వేలు సార్. మార్చిలో రాత్రిపూట ఐ-96 పక్కన ఇద్దరు పిల్లలతో కారు ఆగిపోవడం కూడా సేఫ్టీ కిందకే వస్తుంది. 2010-14 కార్లేం రేకు డబ్బాలు కావు, కారు అదుపు తప్పి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, పక్కల ఎయిర్‌బ్యాగులు అన్నీ ఉన్నాయి. లోపమున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల రీకాల్ (కారును వెనక్కి పిలిచి ఉచితంగా బాగు చేయడం) పని అయిందో లేదో చూసుకోవాలి, అంతే.

పాత_వోల్వో_రాజు

ఇండియాలో ఉన్నప్పుడు మా బాబాయి దగ్గర టాటా ఇండిగో మెరీనా వ్యాగన్ ఉండేది, దాన్ని చూసి వీధిలో అందరూ 'ఇదేంటి, అంబులెన్సా' అనేవాళ్లు. టాటా ఎస్టేట్ కాలం నుంచీ మనవాళ్లకు వ్యాగన్ నచ్చదు, డిక్కీ విడిగా బయటికి కనబడితేనే కారు. ఇక్కడికి వచ్చాక నా కసి తీర్చుకున్నాను.

వోల్వోలో చూడాల్సింది ఎక్స్‌సీ70, 2008 నుంచి 2016 వరకు వచ్చింది. 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల మామూలు ఇంజిన్ ఉన్నది తీసుకోండి, టర్బో వద్దు. దానికి చైన్ ఉంటుంది, ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్, సీవీటీ బెడద లేదు. వోల్వోదే ఇంకో వ్యాగన్ వి60 అందంగా ఉంటుంది గాని వెనక సీటు ఇరుకు, ముందు మీ ఆయన పొడుగైతే చిన్నాడి సీటు పట్టదు. ఎక్స్‌సీ70లో ఇంకో సుఖం, కొన్నిటిలో వెనక సీటులోనే బూస్టర్ కట్టి ఉంటుంది, కుషన్ పైకి లాగితే పిల్లల ఎత్తుకు వచ్చేస్తుంది. మీ పాపకు ఇప్పుడే కాదు, నాలుగేళ్లకు పట్టీల సీటే మంచిది, ఒకటి రెండేళ్లాగి వాడుకోవచ్చు. అప్పుడు మీ అత్తయ్యగారికి పక్కన కాస్త చోటు దొరుకుతుంది.

ఖర్చు గురించి మీరు విన్నది నిజమే. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే ప్రతిసారీ గుండె గుభేల్. వోల్వోలు మాత్రమే చూసే ప్రైవేటు మెకానిక్ మీకు అరగంట దూరంలో ఉంటే కొనండి, లేకపోతే వద్దు. ఇందులో మధ్యేమార్గం లేదు.

ఎడిసన్_సుబ్బు

నేను న్యూజెర్సీలో ఉంటా. ఎవరూ ప్రియస్ వీ గురించి సరిగ్గా చెప్పలేదే? 2012 నుంచి 2017 వరకు వచ్చింది, మామూలు ప్రియస్ కంటే వెనక బాగా పొడుగు, వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, గ్యాలన్‌కు 40 మైళ్లు దాటి వస్తుంది. వారానికి మూడొందల మైళ్లు తిరిగే మనిషికి పెట్రోలు లెక్క వేసుకోండి, ఔట్‌బ్యాక్‌కు దీనికి నెలకు మంచి తేడా ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ లేదు, నిజమే, కానీ నాలుగు మంచి స్నో టైర్లు వేస్తే దున్నుకుంటూ పోతుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారు కదలడానికి సాయపడుతుంది గాని ఆగడానికి కాదు, ఆగేది టైర్ల మీదే. ఈ మాట మిషిగన్ వాళ్లకు నేను చెప్పడమేంటో.

చూసుకోవాల్సింది, ఆ తరం 1.8 ఇంజిన్‌కు ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే) దారి మసితో మూసుకుపోయి హెడ్ గ్యాస్కెట్ పోయే అలవాటు ఉంది. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున మీరే స్టార్ట్ చేయండి. ఇంజిన్ అందుకున్న మొదటి అర నిమిషం గడగడా ఊగితే కొనకండి. అమ్మేవాడు మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడి చేసి పెట్టాడంటే అదీ ఒక జవాబే. వెనక సీటు పక్కన హైబ్రిడ్ బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉంటుంది, అక్కడ కుక్క వెంట్రుకలూ చిప్స్ ముక్కలూ పేరుకుని ఉంటే ఆ బ్యాటరీ ఎంత వేడి తిన్నదో అర్థమైపోతుంది.

ఆటోనగర్_అబ్బాయి

ఇందాకటి నుంచి చదువుతున్నా. అందరూ మోడళ్లే చెప్తున్నారు, తుప్పు మాట ఎవరూ ఎత్తలేదు! మిషిగన్‌లో పాత కారు కొనేవాళ్లకు ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది అదే. డెట్రాయిట్ కిందే ఉప్పు గని ఉంది, చలికాలమంతా రోడ్ల మీద చల్లేది ఉప్పే. పైగా మిషిగన్‌లో ఏటా చేయించే తనిఖీ లాంటిది లేదు, అడుగున కారు కుళ్లిపోయినా పైన మెరుస్తూ తిరిగేయొచ్చు.

మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, అక్కడ పెరిగాను. అక్కడ తుప్పంటే డోర్ల కింద, నీళ్లు నిలిచే చోట. ఇక్కడ లెక్క వేరు, తుప్పంతా కనపడని చోట ఉంటుంది. నేను ఇప్పుడు ఒహాయోలో టొలీడో పక్కన ఉంటా, వీకెండ్‌లో తెలిసినవాళ్ల కోసం కార్లు చూసి పెడుతుంటా. మీకు చూసే పద్ధతి చెప్తాను.

పాత చాప ఒకటి, మంచి టార్చి ఒకటి పట్టుకెళ్లండి. వెనక చక్రాల మధ్య పడుకుని పైకి చూస్తే పెద్ద ఇనుప చట్రం కనపడుతుంది, వెనక సస్పెన్షన్ అంతా దానికే బిగించి ఉంటుంది. పైపైన ఎర్రగా పొడిలా ఉంటే పర్లేదు, పదేళ్ల కారుకు అది మామూలే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే ఇనుము ఉంది. మెత్తగా చప్పుడై పొరలు పొరలుగా రాలితే లేచి చేతులు దులుపుకుని వచ్చేయండి, బేరం కూడా ఆడొద్దు. తర్వాత బ్రేకు పైపులు. పెన్సిల్ కంటే సన్నగా ఉంటాయి, ముందు నుంచి వెనక దాకా అడుగునే పోతాయి. వాటి క్లిప్పుల దగ్గర బుడిపెల్లా ఉబ్బి ఉంటే పగలడానికి సిద్ధంగా ఉన్నాయని. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఈ పైపుల తుప్పు మీద సుబారు 2014లో పెద్ద రీకాలే చేసింది, 2005-09 ఔట్‌బ్యాక్‌లు అందులో ఉన్నాయి. అడుగంతా కొత్తగా నల్ల రంగు కొట్టి నిగనిగలాడుతుంటే మురిసిపోవద్దు, అమ్మకానికి ముందు కొట్టిన నల్ల రంగు కింద ఏముందో దేవుడికే తెలియాలి.

టైర్లు నాలుగూ చూడండి. సుబారు ఆల్ వీల్ డ్రైవ్‌కు నాలుగు టైర్లూ ఇంచుమించు ఒకేలా అరిగి ఉండాలి, అంగుళంలో 32వ వంతులు రెండింటికి మించి తేడా ఉండకూడదు. ముందు ఒక కంపెనీ, వెనక ఇంకో కంపెనీ, ఒకటి కొత్తది మూడు పాతవి, ఇలా ఉందంటే ఆ ఓనరు మిగతా పనులు కూడా అలాగే చేయించి ఉంటాడు.

రీకాళ్లు బాకీ ఉన్నాయేమో ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) కొట్టి చూడండి, ఉచితం. కార్‌ఫ్యాక్స్ (కారు పాత చరిత్ర రిపోర్టు) క్లీన్‌గా ఉందని తృప్తి పడకండి, ఇన్సూరెన్సుకు చెప్పకుండా బాగు చేయించుకున్న దెబ్బలు అందులోకి చాలావరకు రావు. ఇవన్నీ అయ్యాక కూడా లిఫ్ట్ ఎక్కించి చూడటానికి మీకు తెలిసిన మెకానిక్‌కు నూట యాభై రెండొందలు ఇవ్వండి. ఆ డబ్బు దగ్గర పీనాసితనం వద్దు.

నోవై_శ్రావణమేఘం

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్! మా ఆయన ప్రింట్ తీసి గ్యారేజీలో అంటించారు.

వోల్వో మెకానిక్ మాకు దగ్గర్లో దొరికాడు కాబట్టి దాన్నీ లిస్టులో ఉంచాం. 2015కు ముందుది వద్దని మా ఆయన పట్టు, ఎక్స్‌సీ70 ఒక్కదానికి మినహాయింపు ఇచ్చారు. ప్రియస్ వీ 2015 తర్వాతివి ఈ చుట్టుపక్కల మా బడ్జెట్‌లో దొరకలేదు. చివరికి రెండు కార్లు మిగిలాయి.

ఒకటి 2013 ఎక్స్‌సీ70 3.2, లక్షా నాలుగు వేల మైళ్లు, ట్రాయ్‌లో ఒక డీలర్ దగ్గర 8,990. లోపల కొత్త కారులా ఉంది, చూడగానే నచ్చేసింది. కానీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తామంటే 'మా దగ్గరే 120 పాయింట్ల చెకింగ్ అయిపోయింది, కారు బయటికి పంపం' అంటున్నాడు. రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి.

రెండోది 2016 ఔట్‌బ్యాక్ 2.5, ఐసైట్ ఉంది, లక్షా 18 వేల మైళ్లు, యాన్ ఆర్బర్‌లో ఒక రిటైర్డ్ టీచర్‌ది, మొదటి ఓనరు ఆవిడే. 9,600 అడుగుతున్నారు. ఆయిల్ మార్చిన ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టుకున్నారు, సీవీటీ ఆయిల్ మాత్రం ఎప్పుడూ మార్చలేదు. కార్ సీట్లు రెండూ తీసుకెళ్లి బిగించి చూశాం. చిన్నాడి సీటు మా ఆయన వెనక పెడితే ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలాయి, నా వెనక పెడితే సరిపోయింది. మధ్యలో నేనే కూర్చుని చూశాను, బెల్టు బకిల్ కార్ సీటు అంచు కింద ఇరుక్కుపోయి చెయ్యి దూరట్లేదు. పాప సీటును కొంచెం సన్నటిది మారిస్తే అత్తయ్య సర్దుకుంటారేమో. డిక్కీకి వంక లేదు, స్ట్రోలర్ మడవకుండానే పట్టేసింది.

ఏం చేయమంటారు?

పాత_వోల్వో_రాజు

వోల్వో మనిషినై ఉండి చెప్తున్నా, ఆ ట్రాయ్ కారు వదిలేయండి. బయట చూపించనివ్వని డీలర్ దగ్గర ఏ కారూ కొనొద్దు, అది బంగారమైనా సరే. 120 పాయింట్లలో ఆ టైర్లు కనపడలేదటా?

బాక్సర్_బాబాయ్

టీచరమ్మ కారే. ఆయిల్ బిల్లులన్నీ దాచుకున్న మనిషి దొరకడం అదృష్టం. సీవీటీ ఆయిల్ మార్చకపోవడం ఆవిడ తప్పు కాదు, ఆ రోజుల్లో డీలర్లే అక్కర్లేదని చెప్పేవాళ్లు. మీరు కొన్నాక మార్పించండి, ధరలో మూడొందలు దానికి తగ్గించమని అడగండి. 2015-20 ఔట్‌బ్యాక్‌లకు ఆపి ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని కేసు నడిచింది, సెటిల్ కూడా అయింది. కాబట్టి బ్యాటరీ ఎప్పటిదో చూడండి, మూడేళ్లు దాటి ఉంటే చలికాలం రాకముందే పెద్ద కెపాసిటీది వేయించుకోండి. 3.6ఆర్ మీద నా మాట నేను వెనక్కి తీసుకోను గాని, ఎదురుగా ఇలాంటి కారు ఉన్నప్పుడు దాని కోసం తిరగమని చెప్పను.

గుద్దుడు_ఇంజినీర్

బకిల్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. చెయ్యి దూరట్లేదంటే రోజూ హడావుడిలో పెట్టుకోరు, 'దగ్గరికేగా' అని వదిలేస్తారు. పెద్దవాళ్లు మరీను. వెనక కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే గుద్దుకున్నప్పుడు ఆ బరువంతా పక్కనున్న పిల్లల మీదకో ముందు సీటు మీదకో వస్తుంది. పాపకు సన్న సీటు ముందు కొని, అది బిగించి, అత్తయ్యగారి అంత ఒడ్డూ పొడుగూ ఉన్న ఎవరినైనా కూర్చోబెట్టి బెల్టు పెట్టించి చూశాకే డబ్బు ఇవ్వండి. లేదంటే మీరు మధ్యలో కూర్చుని అత్తయ్యగారిని ముందు కూర్చోబెట్టండి, మోకాళ్లకు అదే నయం.

నోవై_శ్రావణమేఘం

అయ్యో, ఈ చివరి ఆలోచన మాకెందుకు రాలేదో! అత్తయ్య ముందు, నేను మధ్యలో. అయినా సన్న సీటు ఆర్డర్ పెట్టేశాం.

ఇవాళ మెకానిక్ లిఫ్ట్ ఎక్కించాడు, దగ్గరుండి చూశాను. వెనక చట్రం మీద పైపైన ఎరుపు ఉంది, తడితే ఖంగుమంది (అవును, నేనే తట్టాను). బ్రేకు పైపులు బాగున్నాయి. ముందు ఎడమ చక్రం బేరింగ్ చప్పుడు చేస్తోంది, మార్చడానికి నాలుగొందలు అన్నాడు. సీవీటీలో వణుకు లేదు, ఆయిల్ మాత్రం నల్లబడింది. బ్యాటరీ పాతదే. ముందు అద్దం రెండేళ్ల క్రితం మార్చారు, కాలిబ్రేషన్ బిల్లు టీచర్ గారి ఫైల్లో ఉంది. లిస్టు చూపించి 8,800 అన్నాం, ఆవిడ 9,000 అన్నారు, ఒప్పుకున్నాం. శనివారం వెళ్తున్నాం. ప్రైవేటుగా కొనడం మొదటిసారి, కాగితాల విషయంలో ఏం చూసుకోవాలి?

ఆటోనగర్_అబ్బాయి

మంచి బేరం. శనివారం కాకుండా సెక్రటరీ ఆఫ్ స్టేట్ (మిషిగన్‌లో బండ్ల రిజిస్ట్రేషన్ చూసే) ఆఫీసు తెరిచి ఉండే రోజు పెట్టుకుని, ఆవిడా మీరూ కలిసి అక్కడికే వెళ్లిపోండి, ఆ కౌంటర్ దగ్గరే టైటిల్ (కారు ఓనర్‌షిప్ కాగితం) మీ పేరు మీదకు మారిపోతుంది. విడిగా చేసుకుంటే 15 రోజుల్లోపు మార్చుకోవాలి, లేటయితే ఫైన్. టైటిల్ మీద బ్యాంకు లియెన్ (తీరని లోన్ హక్కు) ఏమీ లేదని చూడండి, ఉంటే తీర్చేసిన కాగితం కావాలి. ఓడోమీటరు రీడింగు ఆవిడే రాసి సంతకం పెట్టాలి, మీరు కారులో చూసిన అంకెతో సరిపోవాలి. ప్లేటు ఆవిడదే, విప్పి తీసుకెళ్లిపోతారు, కంగారు పడొద్దు. ఇన్సూరెన్సు ముందు రోజే ఫోన్ చేసి ఈ విన్ నంబరు మీద తీసుకుని కాగితం చేతిలో పట్టుకెళ్లండి, అది లేకుండా ప్లేటు ఇవ్వరు.

ట్యాక్సు 6 శాతం, అంటే 540. బేరింగు, సీవీటీ ఆయిలు, బ్యాటరీ కలిపి తొమ్మిది వందలు వేసుకోండి. ఇంకా ఐదొందలు చిల్లర మిగులుతుంది, దానికి కొంచెం కలిపి స్నో టైర్లు నాలుగూ ఇప్పుడే కొనేయండి, నవంబరు వచ్చాక సైజు దొరకదు. అత్తయ్యగారిని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేటప్పుడు సూట్‌కేసులు అన్నీ పడతాయా అని అడగొద్దు, అప్పుడు మీ ఆయన్ని కరోలాలో వెనకాల రమ్మనాల్సిందే.

ముగ్గురి_నాన్న

అందుకే సియెన్నా అన్నా.